పసుపు పూసిన పీట

శనివారం పొద్దున. మిషిగన్‌లో మార్చి వచ్చినా చలి వదల్లేదు కానీ, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఆ ఇంటి బేస్‌మెంట్‌లో మాత్రం వెచ్చగా ఉంది. హీటరొకటి, గాలిలో తేమ తగ్గకుండా చూసే మిషనొకటి పక్కపక్కనే గురకపెడుతున్నాయి. చంద్రిక స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో టవల్ పరుచుకుని, దాని మీద గిటారు మెడ ఆనించుకుని పాలిష్ పెడుతోంది. పైన వంటింట్లో అత్తగారు కృష్ణకుమారి మిక్సీలో అల్లం పచ్చడి తిప్పుతోంది. ఆ ఘాటు మెట్లు దిగి వచ్చి, సైప్రస్ చెక్క వాసనలో కలుస్తోంది.

వారంలో ఐదు రోజులు చంద్రిక కార్ల సీట్లకి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో టెస్టరు. అంటే పక్కవాళ్ళ తప్పులు వెతికిపెట్టే ఉద్యోగం. మిగిలిన రెండు రోజులూ బేస్‌మెంట్‌లోకి దిగి తప్పులు స్వయంగా తనే చేసుకుంటుంది. మొదటి గిటారు వంకరపోయింది. రెండోది చలికాలం రాగానే పగిలింది. ఇది మూడోది, మొదటిసారి గిటారులా మోగుతున్నది.

మామూలు గిటారు కాదు, ఫ్లమెంకో గిటారు. పక్కనే నాట్యం చేసేవాళ్ళు నేల దద్దరిల్లేలా అడుగులేస్తుంటే ఆ చప్పుడు దాటుకుని వినపడాలి, మోగిన వెంటనే టక్కున ఆగాలి. అందుకే వెనకా పక్కలా తేలికపాటి సైప్రస్, ముందు పలక పల్చటి స్ప్రూస్, మెడ సీడర్. వాయించేవాళ్ళు మధ్యమధ్యలో పలక మీద వేళ్ళతో కొడతారు కూడా. తీగలు మెడ మీది మెట్లకి ఎంత దగ్గరగా ఉంటాయంటే, గట్టిగా మీటితే చిరచిరలాడతాయి. "ఆఫీసులో అయితే దీన్ని బగ్ అని రాసేదాన్ని, ఇక్కడ ఇదే ఫీచర్" అని భర్త ఫణికి చెబితే, అతను అర్థమైనట్టు తలాడించి మళ్ళీ ఫోన్‌లోకి వెళ్ళిపోయాడు.

ఇలాంటి గిటార్లు చేసేవాళ్ళ సంతకం గిటారు తలలో ఉంటుంది. బిరడాలు దిగే ఆ పైభాగాన్ని ఒక్కొక్కరు ఒక్కో ఆకారంలో కోస్తారు. దూరం నుంచి తల చూసి ఎవరి చేతి పనో చెప్పేస్తారు. చంద్రిక కాయితాలు కాయితాలు గీసి పారేసి, చివరికి తమలపాకుని తలకిందులు చేసినట్టుండే ఆకారం దగ్గర ఆగింది. వీణకున్నట్టే చెక్క బిరడాలు పెట్టింది. తల పైన పల్చటి ఎర్రచెక్క రేకు కోసి అతికించింది.

ఆ చెక్క అత్తగారిచ్చిందే. జనవరిలో ఇండియా నుంచి వచ్చినప్పుడు కృష్ణకుమారి సూట్‌కేసు అడుగునుంచి ఒక పీట తీసింది. దానికి ఒళ్ళంతా పసుపు పూసి ఉంది. నీ గిటార్లకి పనికొస్తాదేమో చూడు పాపా, అని చేతిలో పెట్టింది. చిత్రిక పట్టగానే పసుపు పొర కింద నుంచి ముదురెరుపు చెక్క బయటపడింది. ఇనుములా బరువు. చంద్రిక చేతులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మళ్ళీ కదిలాయి.

ఇప్పుడు లక్క కరిగించిన స్పిరిట్‌లో గుడ్డ ఉండ ముంచి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ ఆ రేకు మీద రుద్దుతోంది. గుడ్డ ఎర్రబడింది. పాలిష్ రంగేమో అనుకుంది. ఇంకాస్త రుద్దేసరికి ఆ ఎరుపు అంచు దాటి, లేతరంగు సీడర్ మెడ మీదికి సన్నగా కారింది. వేలు తెగిందేమోనని చూసుకుంది. తెగలేదు. కారుతున్నది చెక్క.

స్పిరిట్ తగిలితే ఇలా రక్తంలా రంగు వదిలే చెక్కలు చాలా లేవు. వాటిలో ఒకటి ఆఫ్రికాది. ఇంకొకటి తన అత్తగారి ఊరి వెనక కొండల్లో పెరిగేది.

పక్కన ఫోన్ వెలిగింది. మరిసోల్ మెసేజ్. మరిసోల్ డెట్రాయిట్‌లో ఫ్లమెంకో నేర్పుతుంది. చంద్రికకి గిటారు పట్టుకోవడం నేర్పింది ఆవిడే. ఈ గిటారు ఆవిడకే. అమ్మడానికి వీసా ఒప్పుకోదు కాబట్టి గురుదక్షిణ అనుకోండి అంటే, అదేమిటో అర్థం చేసుకోవడానికి ఆవిడకి ఒక క్లాసు మొత్తం పట్టింది. మే నెలలో శిష్యుల్ని తీసుకుని స్పెయిన్ వెళ్తోంది, ఈ గిటారుతోనే. అందులో ఏమేం చెక్కలున్నాయో చెప్పు, ఎయిర్‌పోర్టులో అడుగుతారు, ముఖ్యంగా ఫోటోలో పంపావే, ఆ అందమైన ఎర్ర తల గురించి, అని రాసింది.

చంద్రిక ఫోన్‌ని బోర్లా పెట్టి పైకెళ్ళింది.

డైనింగ్ టేబుల్ దగ్గర ఫణి కాయితాలు పరుచుకుని కూర్చున్నాడు. మంగళవారం గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూ. పెళ్ళయిన కొత్తల్లో మొదలైన నిరీక్షణ, ఇద్దరికీ కణతల దగ్గర తెల్లవెంట్రుకలు వచ్చాక ఇప్పటికి గుమ్మం దాకా చేరింది. అతను పెళ్ళి ఆల్బమ్‌లోంచి ఫోటోలు ఏరుతున్నాడు. కృష్ణకుమారి పెసరట్టు తిరగేస్తోంది.

చంద్రిక వీలైనంత మామూలుగా అడిగింది. "అత్తయ్యా, ఆ పీట ఏం చెక్క?"

"చందనం పీటే పాపా. ఎర్రచందనం." పెనం మీంచి చూపు తిప్పకుండా చెప్పింది కృష్ణకుమారి. "మా నాయన నా పెండ్లికి చేయించినాడు. పాత దూలమొకటి ఉంటే కోయించి రెండు పీటలు చేయించినాడు. ఒకటి మీ మామది, ఒకటి నాది. అప్పట్లో అడిగేవాళ్ళు లేరు."

ఆ ఉత్సాహంలోనే ఎయిర్‌పోర్టు కథంతా చెప్పుకొచ్చింది. పెట్టె తెరిచినవాడు ఆవకాయ జాడీ తీసి పక్కన పెట్టేశాడట. కరివేపాకు తీసేశాడట. పీటని ఇటూ అటూ తిప్పి చూసి, పసుపు వేళ్ళకంటుకుంటే మొహం చిట్లించి, రిలీజియస్సా అన్నాడట. యెస్ సార్ అన్నదట. అంతే.

"ఆవకాయ పట్టుకున్నారు కానీ పీట వదిలేసినారు" అని నవ్వింది.

ఎవరూ నవ్వలేదు. ఫణి చేతిలో ఫోటో అలాగే ఉండిపోయింది. అందులో ఇద్దరూ తలంబ్రాల కింద కళ్ళు మూసుకుని ఉన్నారు.

"అమ్మా, అది ఎర్రచందనమని తెలిసే తెచ్చినావా?"

"తెలీకుండా ఏంది? మనూర్లో దాని కోసం పోలీసోళ్ళు లారీల వెంట పడతాంటే చూస్తానే ఉంటిమి కదప్పా."

"మరెందుకు తెచ్చినావు?"

"అందుకే కదా పసుపు పూసింది."

ఆ తర్వాత అరగంట ఫణి మాట్లాడుతూనే ఉన్నాడు. అతను అంతసేపు ఆగకుండా మాట్లాడ్డం పెళ్ళయ్యాక చంద్రిక చూడ్డం ఇదే మొదటిసారి. అనుమతి లేకుండా ఆ చెక్కని దేశం దాటించడం అక్కడా నేరమే, ఇక్కడా నేరమే అన్నాడు. మంగళవారం ఆఫీసరు ఎదురుగా చెయ్యెత్తి ప్రమాణం చేయాలని, నువ్వెప్పుడైనా చట్టం దాటావా అని అడుగుతారని, అప్పుడు తనేం చెప్పాలని అడిగాడు. ఒక్క మాట తేడా వస్తే ఉద్యోగం, ఇల్లు, ఇన్నేళ్ళూ అన్నీ ఇక్కడే వదిలేసి ఫ్లైటెక్కాలన్నాడు. కృష్ణకుమారి స్టవ్ ఆపేసింది. పెనం మీద పెసరట్టు సగం పచ్చిగానే చల్లారిపోయింది.

"పొయ్యిలో వేసి కాల్చేద్దాం" అన్నాడు ఫణి చివరికి.

"వాసనకి వీధంతా వస్తుంది" అంది చంద్రిక.

"అయితే నువ్వు చెప్పు. చెక్కల సంగతి తెలిసినదానివి నువ్వే కదా. చూస్తే తెలీలేదా?"

 చంద్రిక తెలీలేదు అనలేదు. తెలిసింది అని కూడా అనలేదు. కింద పాలిష్ ఎండిపోతోందని చెప్పి మెట్ల వైపు తిరిగింది. వెనకనించి ఫణి గొంతు వినిపించింది, చిన్నగా, అలసిపోయినట్టు. "అమ్మా, నువ్వు ఈసారి రాకుండా ఉంటే బాగుండేది."

కృష్ణకుమారి పెనం తీసి సింకులో పెట్టింది.

ఆ రోజంతా ఇల్లు ఊపిరి బిగపట్టుకుని ఉంది. లాయరు ఆఫీసుకి ఫోన్ చేస్తే సోమవారం దాకా సెలవని రికార్డింగ్ వచ్చింది. ఫణి తన అకౌంట్లలో గిటారు ఉన్న ఫోటోలన్నీ తీసేశాడు. తీసేసినవి కూడా ఎక్కడో దాచి ఉంటాయని చంద్రిక నోరుజారి చెప్పేసరికి అతని మొహం మరీ పాలిపోయింది. టెస్టరుగా ఆమెకి తెలిసిన విషయాలన్నీ ఆ రోజు భయపెట్టడానికే పనికొచ్చాయి.

మధ్యాహ్నం కాలింగ్ బెల్ మోగింది. ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఫణి కిటికీ తెర పక్కన గోడకి ఆనుకున్నాడు. ఎవరో బరువుగా అడుగులేసి, ఏదో కింద పెట్టి, వెళ్ళిపోయారు. వ్యాన్ స్టార్టయిన చప్పుడు. తలుపు తీస్తే గుమ్మంలో ఒక అట్టపెట్టె. చంద్రిక ఆర్డరు చేసిన గిటారు తీగలు. ఆమెకి నవ్వొచ్చింది కానీ అది బయటికి రాకముందే పాంట్రీలోంచి చప్పుడు వినిపించింది. తలుపు తీసి చూస్తే, బియ్యం బస్తాకీ గోడకీ మధ్య కృష్ణకుమారి ముడుచుకుని నిలబడి ఉంది. చీర కొంగు నోట్లో కుక్కుకుంది, ఊపిరి చప్పుడు బయటికి రాకుండా.

"పోయినారా?" అని అడిగింది.

చంద్రిక ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. ఆ చెయ్యి మంచులా ఉంది. ఏదైనా చెప్పి ధైర్యం ఇవ్వాల్సిన సమయమది. కానీ ధైర్యం ఆమె దగ్గరే లేదు.

సాయంత్రం బేస్‌మెంట్‌లో పదునైన ఉలి తీసుకుని ఎర్ర రేకు ఊడదీయబోయింది. అంచున ఉలి ఆనించి అలాగే ఉండిపోయింది. పక్కన గోడకి పీటలో మిగిలిన ముక్క ఆనించి ఉంది. దాని కాళ్ళు తీసేసింది, ఒక చివర కోసేసింది, అయినా అది పీట అని తెలుస్తూనే ఉంది. ఉలి బల్ల మీద పెట్టేసింది.

ఆదివారం పొద్దున చంద్రిక లేచేసరికి వంటింట్లో చప్పుడు లేదు. కృష్ణకుమారి గది తలుపు తెరిచి ఉంది. దుప్పటి మడత పెట్టి ఉంది. ఫోన్ ఛార్జర్‌కి వేలాడుతోంది. బాత్రూమ్‌లో లేదు. పూజ అల్మారా ముందు లేదు. బయటి గుమ్మం దగ్గర ఆవిడ చెప్పులు లేవు, బూట్లున్నాయి. ఆ చలిలో ఉత్త చెప్పులేసుకుని వెళ్ళింది.

చంద్రిక బేస్‌మెంట్‌లోకి పరుగెత్తింది. గోడకి ఆనించిన పీట ముక్క లేదు.

ఫణిని లేపింది. అతను బూట్లు తొడుక్కోవడం కూడా మర్చిపోయి కారెక్కాడు, మెయిన్ రోడ్డు వైపు. ఇండియన్ స్టోరుకి నడిచి వెళ్ళిందేమోనని అన్నాడు. ఆదివారం ఆ టైముకి స్టోరు తెరవరని ఇద్దరికీ తెలుసు. చంద్రిక వీధి వెంట నడుస్తూ, తర్వాత పరుగెడుతూ, ప్రతి ఇంటి సందులోకీ చూసుకుంటూ వెళ్ళింది. ఇళ్ళన్నీ ఒకేలా ఉన్నాయి, ఒకే బూడిద రంగు. ఆవిడకి ఇంటి నంబరు వచ్చా? వీధి పేరు పలకడం వచ్చా? వచ్చి రెండు నెలలు కావస్తున్నా ఎప్పుడూ చెప్పించలేదు. ఎవరినీ ఏమీ అడగలేని మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి, ఇద్దరూ వారం పొడుగునా లాప్‌టాప్‌ల వెనక దాక్కున్నారు.

ఇళ్ళ వెనక వాన నీళ్ళు నిలవడానికి తవ్విన కుంట ఒకటుంది. చుట్టూ ఎండిన రెల్లు. నీళ్ళ మీద ఇంకా అక్కడక్కడ పల్చటి మంచు పలక. ఆ రెల్లు మధ్య మెరూన్ రంగు శాలువా కనిపించింది. నీళ్ళలో.

చంద్రికకి తన కేక తనకే వినపడలేదు. గట్టు మీంచి జారుతూ దిగింది. కృష్ణకుమారి మోకాళ్ళ దాకా బురదలో దిగబడి ఉంది. రెండు చేతులతో రెల్లు దుబ్బు పట్టుకుని ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. కోడలిని చూసి, వద్దు రావద్దు జారతాది, అని మాత్రం అంది. చంద్రిక బురదలోకి దిగింది. చలి ఎముకల్ని కొరికింది. అత్తగారి నడుం చుట్టూ చెయ్యి వేసి, ఇంకో చేత్తో గడ్డి పట్టుకుని లాగింది. ఒక కాలు వచ్చింది. చెప్పు బురదలోనే ఉండిపోయింది. రెండో కాలు రాలేదు. ఆ కాసేపట్లో చంద్రికకి గ్రీన్‌కార్డు గుర్తు రాలేదు, గిటారు గుర్తు రాలేదు. ఈ మనిషి ఇక్కడ చచ్చిపోతే తన నోటితో తను అడగని ఒక్క ప్రశ్న వల్ల చచ్చిపోయినట్టు, అన్నది మాత్రం స్పష్టంగా తెలిసింది.

రెండో కాలు కూడా వచ్చింది. ఇద్దరూ గట్టు మీద పడ్డారు.

కుక్కని తిప్పడానికి వచ్చినావిడ ఎవరో అప్పటికే ఫోన్ చేసినట్టుంది. పోలీసు కారొకటి గడ్డి మీదుగా వచ్చి ఆగింది. కుర్ర ఆఫీసరు ఒక దుప్పటి తెచ్చి కృష్ణకుమారికి కప్పి, ఆంబులెన్సు పిలవాలా అని అడిగాడు. తర్వాత చంద్రికని కొంచెం పక్కకి జరిపి, గొంతు తగ్గించి అడిగాడు. ఆవిడ జారి పడిందా, లేక కావాలనే దిగిందా?

ఆ ప్రశ్నని తెలుగులోకి మార్చడానికి చంద్రికకి నోరు రాలేదు. ఎలాగో అడిగింది.

"కావాలని యాడ దిగుతా?" పళ్ళు టకటక కొట్టుకుంటుండగా అంది కృష్ణకుమారి. "పీట నీళ్ళలో వేసినా. అది మునిగిందా తేలిందా అని చూసేదానికి ఒక అడుగు ముందుకేసినా. మునిగింది లే. నిమజ్జనం చేసినట్టే పాపా. ఇంక మీకేం భయం లేదు."

అంతలో ఆవిడ కళ్ళు ఆఫీసరు నడుముకున్న బేడీల మీద పడ్డాయి. దుప్పటి జారిపోతున్నా పట్టించుకోకుండా రెండు చేతులూ కలిపి, మణికట్లు ఆయన ముందుకి చాచింది.

"సర్. ఐ బ్రింగ్ వుడ్. ఇండియా వుడ్. చిల్డ్రన్ నాట్ నో. ఓన్లీ మీ."

ఆఫీసరుకి ఏమీ అర్థం కాలేదు. చంద్రిక వైపు చూశాడు. ఫణి కారు అప్పుడే వచ్చి ఆగింది. ఉత్త కాళ్ళతో పరుగెత్తుకొచ్చి, తల్లిని చూసి, పోలీసుని చూసి, ఆఫీసరు వెనకాల నిలబడి చంద్రికకి తల అడ్డంగా ఊపాడు. ఏం చెప్పకు.

చెప్పక్కర్లేదు. పెద్దావిడ, చలికి మతి తప్పి ఏదో మాట్లాడుతోంది అంటే చాలు. ఆఫీసరు నమ్మేస్తాడు, అందరూ ఇంటికి వెళ్ళిపోవచ్చు. నోటి దాకా వచ్చింది. కానీ ఆ మణికట్లు ఇంకా గాలిలోనే ఉన్నాయి, వణుకుతూ. మతి తప్పిన మనిషి కాదు ఆవిడ. ఈ ఇంట్లో ఇరవై నాలుగ్గంటలుగా మతి స్థిమితంగా ఉన్నది ఆవిడొక్కతే. చేసిన పని చేశానని చెబుతోంది.

చంద్రిక ఇంగ్లీషులో మొత్తం చెప్పింది. అనుమతి లేని చెక్క తెచ్చిన మాట నిజమని, అందులో ఒక ముక్క కుంటలో, ఒకటి ఇంట్లో ఉందని, దాంతో గిటారుకి తల చేసింది తనేనని.  ఫణి కళ్ళు మూసుకున్నాడు.

ఆఫీసరు కాసేపు కుంట వైపు చూశాడు. చెక్కల విషయం తన పని కాదని, దానికి వేరే శాఖ ఉందని, ముందు లాయరుతో మాట్లాడి వాళ్ళకి చెప్పమని అన్నాడు. మాటలన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. వెళ్ళబోతూ ఇంకొక్క మాట చెప్పాడు. ఈ కుంట హౌసింగ్ అసోసియేషన్‌ది, ఇందులో ఏమీ పారేయకూడదు.

ఇంటికొచ్చాక ఫణి గోరువెచ్చని నీళ్ళ టబ్బు తెచ్చి తల్లి కాళ్ళ ముందు పెట్టాడు. చంద్రిక ఆవిడకి తన స్వెట్టరు తొడిగి, కాళ్ళకంటిన బురద కడుగుతోంది. వేళ్ళు ఎర్రబడేదాకా రుద్దింది.

"ఎందుకు తెచ్చారు అత్తయ్యా?" అంది చివరికి. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలని.

కృష్ణకుమారి టబ్బులో నీళ్ళని చూస్తూ మాట్లాడింది.

"పోయినసారి పట్టుచీర తెచ్చినా. యాడ కట్టుకుంటా అంటివి. గాజులు తెచ్చినా. చెక్క కోసేటప్పుడు అడ్డమంటివి. తప్పు పట్టడం లేదులే. వీడియోలో ఎప్పుడు చూసినా తిన్నారా, మాత్రలేసుకున్నారా, అంతే. ఒక్కనాడు మాత్రం చెక్కలన్నీ ఒకటొకటి ఎత్తి చూపిస్తివి. ఇది ఇట్ల మోగుతాది, ఇది అట్ల మోగుతాదని ఎంతసేపు చెప్పినావో. ఆ పొద్దు నీ మొగం చూసినా." కాలి వేళ్ళు నీళ్ళలో కదిపింది. "నీకు కావాల్సింది నా దగ్గర ఉండేది అదొక్కటే పాపా."

చంద్రిక తల ఎత్తలేదు. ఆవిడ పాదం రెండు చేతుల మధ్యా పట్టుకుని అలాగే కూర్చుంది.

"నాకు ముందే అనుమానం వచ్చింది అత్తయ్యా. చిత్రిక పడుతున్నప్పుడే. మిమ్మల్ని అడిగితే అవునంటారని అడగలేదు. అవునంటే ఆ చెక్క పక్కన పెట్టేయాలి కదా. నిన్న మిమ్మల్ని అన్ని మాటలంటుంటే కూడా నోరు మూసుకుని ఉన్నాను."

ఇది విన్నది కృష్ణకుమారి ఒక్కతే కాదు. ఫణి టవల్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఏమంటాడోనని చంద్రిక బిగుసుకుపోయింది. అతను వచ్చి పక్కనే నేల మీద కూర్చున్నాడు. రెండో పాదం నీళ్ళలోంచి తీసి తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూ తుడుస్తూ తలని తల్లి మోకాలికి ఆనించేశాడు. రాకుండా ఉంటే బాగుండేదన్న మాట వెనక్కి తీసుకోవాలని ఉంది కానీ ఎలాగో తెలియని మనిషిలా ఏడ్చాడు. కృష్ణకుమారి అతని జుట్టులో వేళ్ళు పెట్టింది.

"బూట్లు లేకుండా యాడికి పోయినావురా నువ్వు" అంది. "కాళ్ళు చూడు ఎట్లున్నాయో."

సోమవారం లాయరు అంతా విని చాలాసేపు పెన్ను ఆడించాడు. దాచడానికి ఎంత ప్రయత్నిస్తే అంత పెద్దదవుతుంది, ఎదురెళ్ళి చెప్పేయాలి, అన్నాడు. ఎలా అవుతుందో మాత్రం చెప్పలేనన్నాడు. ఆ చెక్క ఉన్న గిటారు ఇల్లు కదలకూడదన్నాడు. మంగళవారం ఇంటర్వ్యూలో ఆఫీసరు అడగకముందే ఫణి చెప్పాడు.  చంద్రిక తన వంతు తను చెప్పింది. ఆఫీసరు మొహంలో ఏమీ కనపడలేదు. నిర్ణయం పోస్టులో వస్తుంది అన్నాడు, అంతే. అసోసియేషన్ మనిషి వచ్చి పొడుగాటి కొక్కెంతో కుంటలోంచి పీట బయటికి లాగాడు. గురువారం, అరుదైన చెట్లనీ జంతువుల్నీ కాపాడే వన్యజాతుల శాఖ నుంచి ఒకావిడ వచ్చింది. చంద్రిక వేడి చేసిన కత్తితో ఊడదీసిన ఎర్ర రేకునీ, ఆ పీటనీ ఆవిడ కవర్లో వేసి సీలు వేసుకుంది. కృష్ణకుమారి పక్కనే కూర్చుని అన్నిటికీ నిజమే చెప్పింది. చంద్రిక తర్జుమా చేసింది. ఏం జరుగుతుందో తర్వాత తెలియజేస్తామంది శాఖ నుంచి వచ్చినావిడ. కవరు కారెక్కుతుంటే కృష్ణకుమారి కిటికీ దగ్గర నిలబడి చూసింది. ఆయన పక్కన కూర్చున్న పీట, అని మాత్రం అనుకుంది పైకే.

ఇంకా ఏ ఉత్తరమూ రాలేదు. పోస్టు బండి వీధిలోకి తిరిగిన చప్పుడు వినపడితే ఫణి ఇప్పటికీ చేస్తున్న పని ఆపేస్తాడు. రాత్రుళ్ళు చంద్రికకి మెలకువ వచ్చి, పక్కన అతను కూడా కళ్ళు తెరుచుకునే ఉన్నాడని తెలుస్తుంది. మరిసోల్‌కి జరిగిందంతా చెప్పేసింది.  ఆవిడ, తల లేకపోయినా ఫరవాలేదు కానీ మీ అత్తగారు ఎలా ఉన్నారు, అని రాసింది.

తర్వాతి శనివారం చంద్రిక బేస్‌మెంట్‌లోకి దిగుతూ మెట్ల మీంచి వెనక్కి తిరిగి పిలిచింది. "అత్తయ్యా, పని లేకపోతే ఒకసారి కిందికి రండి."

కృష్ణకుమారి గోడ పట్టుకుని దిగింది. వచ్చాక ఆ గదిలోకి రావడం ఇదే మొదటిసారి, పీట కోసం వచ్చిన ఆ పొద్దు తప్ప. బల్ల మీద గిటారు పడుకుని ఉంది. తల బోసిగా ఉంది. ఎరుపు మరక చాలావరకు పోయింది కానీ మెడ మీద ఒకచోట లేత గులాబీ నీడలా మిగిలింది. చంద్రిక అరలోంచి చెక్క రేకులు తీసి వరసగా పరిచింది. నల్లగా ఒకటి, గోధుమరంగు ఒకటి, చారలతో ఒకటి. చివరిది లేత పసుపు సైప్రస్, గిటారు వెనక పలక కోయగా మిగిలింది.

"మీరు చెప్పండి. ఏది పెడదాం?"

కృష్ణకుమారి ఒక్కోటీ ఎత్తి చూసింది. వేలితో నిమిరింది. నల్లదాన్ని వెలుతురులోకి పట్టి చూసి, మళ్ళీ కింద పెట్టేసింది. సైప్రస్ ముక్క చేతిలోకి తీసుకుని ఆగింది.

"ఇది దేశం దాటొచ్చునా?"

"దాటొచ్చు."

"ఎవరూ అడగరు కదా?"

"అడిగినా చెప్పొచ్చు అత్తయ్యా."

"అయితే ఇదే."

చంద్రిక జిగురు పూసింది. తమలపాకు ఆకారానికి కోసిన రేకుని తల మీద సరిగ్గా ఆనించి, అది జరగకుండా నొక్కి పట్టుకోమని అత్తగారి చెయ్యి తీసుకుని అక్కడ పెట్టింది. జిగురు పట్టే దాకా వదలకూడదు. పైన వీధిలో ఏదో బండి ఆగిన చప్పుడు. కృష్ణకుమారి వేళ్ళు ఒక్కసారిగా వణికాయి. రేకు వెంట్రుకవాసి పక్కకి జరిగింది.  చంద్రిక ఆ చేతి మీద తన చెయ్యి వేసి, రేకుని మళ్ళీ దాని చోటికి జరిపింది. ఇద్దరూ కలిసి గట్టిగా నొక్కి పట్టుకున్నారు.